రంపపు పొట్టు

ఆగండి, రోడ్డు తర్వాత దాటొచ్చు. ఒక్క నిమిషం ఇక్కడే నిలబడి చెవి ఇటు పడెయ్యండి. ఇంగ్లండులో నార్తాంప్టన్ శివార్లలోని ఈ రేకుల షెడ్డులో జాకీల మీదికెత్తిన యాభై రెండు మోడల్ లారీ ఒకటుంది. దాని వెనక చక్రాన్ని పుష్పలీల చేత్తో తిప్పుతోంది. గుర్ర్... గుర్ర్... టక్. వినపడిందా? ఆమెకి పొద్దుట్నుంచీ ఆ టక్ తప్ప ఇంకేం వినపడటం లేదు.

మధ్యాహ్నానికి వెనక చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్ విప్పి బల్ల మీద పెట్టేసింది. అందులో క్రౌన్ వీల్ అనే పెద్ద చక్రం పళ్లకి నీలి రంగు పూసి, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియన్‌ని తిప్పితే, రంగు పన్ను నడిమధ్యన చెరగాలి. ఇక్కడ అంచున చెరిగింది. ఒక పన్ను సగం విరిగి అడుగున నూనెలో పడుంది. పక్క పన్నుకి వెంట్రుకంత చీలిక!

ఓనర్ ప్రేమ్‌నాథ్ అంకుల్ వచ్చాడు. చర్చి పెద్ద. ఈ పని ఇప్పించిందీ ఆయనే. సర్కారు గంటకి నాలుగు పౌండ్ల ఇరవై పెన్నీలు ఇవ్వాలంటే, “మనలో మనకి చట్టాలేంటమ్మా” అని మూడున్నర ఇస్తాడు.

“ఏంటమ్మాయ్, లారీకి పెళ్లిచూపులా? అంత లైటేసి చూస్తున్నావ్?”

“పళ్లు చూస్తన్నా అంకుల్. ఒకటి ఊడింది, రెండోది ఊడతానంటంది. క్రౌనూ పినియనూ కొత్త జత వెయ్యాల.”

“అది రావడానికి ఆరు వారాలు. కార్నివాల్ ఊరేగింపు ఎల్లుండి శనివారమే. ముప్పై మంది సండే స్కూల్ పిల్లలు వెనకాల నిలబడి పాడుకుంటా టౌన్లోకి దిగాలి. ఇట్టాంటి పాత లారీ ఊళ్లో ఇంకెవరికీ లేదు, పేపర్లో ఫొటో పడుద్ది. మీ ఆటోనగర్ మందు వెయ్యి.”

మందంటే రంపపు పొట్టు. చిక్కటి నూనెలో కలిపి పోస్తే అరిగిన పళ్ల అరుపు అణిగిపోతుంది. అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది.

పుష్పలీల చేతులు తుడుచుకుంది. బెజవాడ ఆటోనగర్‌లో తండ్రి పక్కన కూర్చుని పదేళ్లకే ఈ పని నేర్చింది.

“మా నాన్న ఒక్కసారి పోశాడంకుల్ ఆ మందు. నందిగామ దాటాక దిగుడులో పన్ను విరిగి ఇరుక్కుని, వెనక చక్రాలు బిగుసుకుపోయినయ్. డ్రైవర్‌కి రెండు కాళ్లూ పోయినయ్. మా నాన్న మళ్లీ పానా పట్టలా. అందుకే నేను పట్టా.”

“నడిచేంత స్పీడులో పోయే లారీకి ఏమవుద్ది? ప్రేయర్ చేసే బయల్దేరతాం కదా!”

“ప్రేయర్‌కి పళ్లు మొలవ్వు అంకుల్.”

చక్రాల దగ్గర పనిచేస్తున్న తోటి మెకానిక్ షాలేమ్ నవ్వబోయి దగ్గాడు.

“సరే, మీ మనవరాలు ఫెబాని ఎక్కిస్తారా లారీ మీద?”

ప్రేమ్‌నాథ్ గొంతు సవరించుకున్నాడు. “ఫెబా కార్లో వస్తది. దానికి గాలి పడదు.”

అంటే గాలి పడేది ముసలివాళ్ల కేర్ హోముల్లో గుడ్డలుతికే వాళ్ల పిల్లలకన్నమాట! పుష్పలీల గోడ దగ్గరికి నడిచింది. మేకుకి వేలాడుతున్న, బండికి చేసిన పని రాసే జాబ్ కార్డు తీసింది. రెండేళ్లుగా పని ఆమెది, కార్డు మీద సంతకం షాలేమ్‌ది. ఆడమనిషి పేరు చూస్తే కస్టమర్ భయపడతాడట. ఈసారి ఆమే పెన్ను తీసుకుని పెద్ద అక్షరాలతో ‘ఈ బండి నడపకూడదు’ అని ఇంగ్లీషులో రాసి, కింద తన పేరు పూర్తిగా రాసింది. కార్డు అంచున నూనె మరక పడింది.

ప్రేమ్‌నాథ్ ఆ కార్డుని నాలుగు ముక్కలు చేశాడు.

“రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

“రేపటి సంగతి తర్వాత. ఇవాళ దీని మూత నేను బిగించను. ఇంకెవరన్నా బిగిస్తే శనివారం లారీ ముందు నేనే నిలబడతా. తొక్కించుకుని పోండి.”

ఆయన ఆమె వైపు చూడలేదు. కొత్త కార్డు తీసి షాలేమ్ ముందు పెట్టాడు.

“నీ వర్క్ పర్మిట్ రెన్యూవల్‌కి నేను కాయితం ఇవ్వాల్సింది ఆగస్టులోనే కదా నాయనా? మూత బిగించి సంతకం పెట్టు.”

షాలేమ్ లేచాడు. నుదుటి మీద గ్రీజు, గ్రీజు మీద చెమట. అతని కుడి చేతిలో ప్రేమ్‌నాథ్ పెన్ను పెట్టాడు. పుష్పలీల ముందుకొచ్చింది. విరిగిన పన్ను నూనెలోంచి తీసి, తుడిచి, అతని ఎడమ అరచేతిలో పెట్టింది. అది చిక్కుడు గింజంతే ఉంది, బరువు మాత్రం ఉంది. బయట ఎవరో పిల్లలు సైకిళ్ల మీద అరుచుకుంటూ పోతున్నారు.

షాలేమ్ రెండు చేతులూ ఇంకా తెరిచే ఉన్నాయి. అవి మీ చేతులే అయితే, ఏ గుప్పిట బిగిస్తారు?