పదకొండు మందికి ఒకటే ఫోను

అప్పిచ్చిన కంపెనీ వాళ్లారా, మిమ్మల్నే అడుగుతుండా. స్టెల్లా మీ కాడ అప్పు తీసుకుందా? మీ కాయితాల్లో యాడన్నా ఆ బిడ్డ సంతకం ఉండాదా? మరి ఆ బిడ్డ పనిచేసే ఆసుపత్రికి ఒక్క దినంలో పంతొమ్మిది సార్లు ఫోన్ చేసి, "మీ నర్సు దొంగల కొంపలో పుట్టింది" అని చెప్పమని మీకెవరు చెప్పినారు? టార్గెట్ గీసిన మేనేజరా? ఆ టార్గెట్ మీద లాభం పంచుకునే పెద్దమనిషా? జవాబు చెప్పండి. చెప్పరు. అందుకే జరిగింది నేను చెప్తా.

మాది శ్రీకాళహస్తి. స్వర్ణముఖి ఒడ్డున రేకుల షెడ్డులో కలంకారీ పని. పదకొండు మంది ఆడోళ్లు గీస్తారు, రంగులద్దుతారు. నా పేరు దామోదరం. బట్ట ఉడకేసేది, ఏట్లో ఉతికేది నా పని. ఏడో తరగతిలో బడి మానేసినా. చదవడం మానలేదు.

షెడ్డుకంతా ఒకటే ఫోను. బటన్ల ఫోను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి మేకుకి తగిలిస్తాము. గ్రూపు లోను ఇస్తామని కంపెనీ మనిషి వచ్చినప్పుడు పదకొండు ఫారాల మీదా ఆ ఒక్క నంబరే ఏయించినాము. "ఏదో ఒకటి ఏయండక్కా, గడి నిండాల" అన్నాడు వాడు. దాని కింద ఇంకో గడి, తెలిసినోళ్ల నంబరు. కృపామణి ఆడ తన కూతురు స్టెల్లా పనిచేసే తిరుపతి ఆసుపత్రి నంబరు ఏయించింది. అవసరానికి కాదు, గొప్పకి. మొగుడు పోయినాక రంగులద్ది చదివించుకున్న బిడ్డ, నర్సు కొలువులో చేరి ఆరు నెల్లయింది. ఆ మాట ఎవరో ఒకరు చదవాలని ఆ తల్లి ఆశ. చదివినారు. ఎట్ల చదివినారో చూడండి.

రెండు నెలలు ఆర్డర్లు లేవు. కృపామణి రెండు నెలల వాయిదా కట్టలేదు, రెండు కంతులు తప్పింది. ఇంగ మొదలైనాయి ఫోన్లు. పొద్దున ఆరుకి, అన్నం కాడ, దీపాలు పెట్టే పొద్దుకి. చేసేవాడు ఒకసారి భానుచందర్ అంటాడు, ఒకసారి లాయర్ అంటాడు, ఒకసారి ఎస్సైని అంటాడు. గొంతు మాత్రం ఒకటే. ఎవరు ఎత్తినా అవే తిట్లు, ఎందుకంటే పదకొండు మందికీ అదే నంబరు. కట్టినోళ్లకీ తిట్లే, కట్టనామెకీ తిట్లే.

"స్విచాఫ్ చేసి మేకుకి తగిలించండి, మొరిగి మొరిగి పోతాడు" అని సలహా ఇచ్చింది నేనే. నాలుగు దినాలు షెడ్డు సల్లగా ఉండింది. కుప్పమ్మ అయితే ఆ ఫోనుకి ఒక చామంతి పువ్వు పెట్టి, "పెద్దకర్మ ఎప్పుడు దామోదరన్నా?" అని నగింది. నేనూ నగినాను.

ఐదో దినం సోమవారం. మధ్యాన్నం బస్సు దిగి స్టెల్లా వచ్చింది. యూనిఫారంలోనే ఉంది. షెడ్డు మెట్టు మీద కూర్చోని, చెప్పులు కూడా ఇడవకుండా చెప్పింది.

"రిసెప్షన్‌కి చేస్తాండారు మా. డాక్టర్ల ముందర పేరు పెట్టి పిలిచి చెప్తాండారు. శనివారం లోపల ఫోన్లు ఆగల్లంట. లేకుంటే నన్ను ఆపేస్తారంట."

కృపామణి చేతిలో కుంచె అట్లే ఉంది. పసుపు రంగు కారి చీరె మీద పడతా ఉంది. మేము ఫోను కట్టేసినాము. వాడు రెండో గడికి పోయినాడు. నా తెలివి వాణ్ని ఆ బిడ్డ కూటికాడికి తెచ్చింది.

పని ఆపి అందరూ కూర్చున్నారు. గొడవ పెద్దదే అయింది.

"గాజులు తాకట్టు పెట్టి కట్టేస్తా" అనింది కృపామణి.

"కట్టు. వచ్చే నెల నేను తప్పుతా. అప్పుడు మా అల్లుని అంగడికి చేస్తాడు. ఆ మళ్లనెల ఇంకొకరు" అనింది కుప్పమ్మ. "గాజులు ఎన్నుండాయి మేయ్ మనకి?"

రంజాన్‌బీ మా అందరికీ పెద్దామె, ముప్పై ఏండ్లుగా నల్ల గీత గీసే చెయ్యి. ఆమె కృపామణికిచ్చిన లోను కార్డు తిరగేసి వెలుతురుకి పట్టుకోని ఉండాది. వెనకాల చీమ తలకాయంత అక్షరాలు, మా కండ్లకి ఆనవు. ఆమె కండ్లకి ఆనినాయి.

"సునో, వినండి. పొద్దున తొమ్మిదికి ముందర, సాయంత్రం ఆరు దాటినాక ఫోన్ చేయగూడదంట. తిట్టగూడదు, బెదిరించగూడదు. చుట్టాల్ని, స్నేహితుల్ని, కలిసి పనిచేసేవాళ్లని సతాయించగూడదు. రిజర్వ్ బ్యాంకు రూలంట. వీళ్లే అచ్చేసి మనకిచ్చినారు కదప్పా!"

చూసినారా? అప్పు తీర్చొద్దని ఎవరూ అనలేదు. కృపామణి కూడా అనలేదు. తీసుకున్నది అప్పు. తిట్లు తినేదానికి ఎవరూ సంతకం పెట్టలేదు.

కార్డు మీదుండే కంప్లైంటు నంబరుకి చేసినాము. ఒకామె తీపి గొంతుతో, "ముప్పై రోజుల్లో పరిష్కరిస్తాం మేడం" అనింది. అప్పటికీ తేల్చకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చంట, దానికి రూపాయి ఖర్చు లేదంట. మంచిదే, రాస్తాము. కానీ శనివారానికి ఐదు దినాలే ఉండాయి. "ముప్పై దినాలు మా బిడ్డ కొలువు పట్టుకోని నువ్వు నిలబడతావా తల్లీ?" అని అడిగింది కుప్పమ్మ. అవతల పాట పెట్టినారు.

మా ఊరి పోలీస్ స్టేషన్‌కి పోయినాము. "తీసుకునేటప్పుడు తెలీదా? అయినా ఆధారమేదీ? రికార్డింగ్ ఉందా?" అన్నారు. బటన్ల ఫోనులో రికార్డింగ్ యాడుంటాది? తిరిగొచ్చినాము.

దోవలో కృపామణి అనింది, "ఫోను ఆన్ చేయండి."

"మళ్లీ తిట్టించుకునేదానికా?" అనింది కుప్పమ్మ.

"వానికి పలికే గొంతు కావాల. మనం పలకలేదు, నా బిడ్డ కాడికి పోయినాడు. ఆ గంట మన కాడే మోగనీ. పదకొండు మందిమి ఉండాం కదా, వంతులేసుకోని ఎత్తుదాం. రాసుకుందాం."

"కాయితం చూపిస్తే నువ్వే రాసుకున్నావ్ పో అంటారు" అన్నాను.

"కాయితం మీద ఎవరు రాయమన్నారు?" అనింది రంజాన్‌బీ. "కరక్కాయ, బర్రెపాలు పట్టించిన బట్ట ఆరు గజాలు ఉండాది. కుండలో కసిమి ఉండాది."

కసిమి అంటే మా నలుపు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో ఊరేసి చేస్తాము. ఆ బట్ట మీద పడినాక ఏట్లో ఉతికినా, బండకేసి బాదినా పోదు. ఆ మాట నన్నడగండి.

మంగళవారం పొద్దున ఆరూ పదికి మోగింది. స్పీకర్ పెట్టి కుప్పమ్మ ఎత్తింది.

"పేరు చెప్పు నాయనా. ఏ కంపెనీ? ఐడీ నంబరెంత? టైమెంతయింది?"

వాడు తిట్టినాడు. రంజాన్‌బీ కలం ఎత్తి, ఆగిపోయింది. "దేవుళ్ల బొమ్మలేసిన కలం ఇది. దీంతో ఈ బూతు రాయాల్నా?" మళ్లీ తానే అనింది, "అన్నోనికి సిగ్గు లేదు. రాసేదానికి నాకెందుకు?" రాసింది. మా బట్టల మీద బొమ్మ కింద కత రాసినట్టే, ఒక్కో ఫోనుకి ఒక గడి. పైన మేకుకి వేలాడే ఫోను బొమ్మ, కింద తేది, టైము, వచ్చిన నంబరు, అన్న మాట. పక్కన విన్నోళ్ల వేలిముద్రలు.

దీన్ని కళ అని పొగడొద్దు. ఇది ఫిర్యాదు.

గురువారం వాడికే విసుగొచ్చింది. "మీకు పనీపాటా లేదా? ఊరికే పేరడుగుతారేంది?"

"నీకుండాదా పని?" అనింది కుప్పమ్మ. "జీతమెంత అబ్బోడా?"

నోరు జారినాడు వాడు. "దినానికి నూటిరవై కాల్స్ చేయల్ల. తగ్గితే జీతం కోస్తారు." వెంటనే మళ్లీ తిట్టినాడు. ఆ రెండు మాటలూ రాసినాము, జీతం మాటా, తిట్టూ. వాడూ కూలోడే. కానీ కూలోని మీద కూలోణ్ని ఉసిగొల్పి, మెడకి కట్టిన తాడు మాత్రం పైనోడు పట్టుకోని ఉండాడు. మాకు కావల్సింది ఆ తాడు పట్టినోడు.

మూడు దినాలు ఆసుపత్రికి ఫోన్ పోలేదు. శుక్రవారం పోయింది. ఆసుపత్రోళ్లు స్టెల్లా డ్యూటీ కార్డు తీసుకోని పంపించేసినారు.

శనివారం తెల్లారి తిరుపతి బస్సెక్కినాము. ఆడోళ్లకి ఆధార్ చూపిస్తే టికెట్ లేదు, నాకు మాత్రం కొట్టినాడు. "అన్నకి మనం అప్పిస్తాంలే, ఫోన్ చేసి తిడతాం" అనింది కుప్పమ్మ. బస్సంతా నగినారు. కృపామణి నగలేదు. బట్ట చుట్ట ఒళ్లో పెట్టుకోని కిటికీలో చూస్తా ఉంది.

ఆడ కంపెనీ బ్రాంచి లోపల గోడ నుంచి గోడకి బట్ట పరిచినాము. నలభై ఏడు గడులు. పక్కన వరసగా కూర్చున్నాము. వేరే ఊర్ల నుంచి కంతు కట్టేదానికొచ్చిన ఆడోళ్లు వొంగి చదివినారు. చంద్రగిరామె ఒకతి, "ఈ నంబరు నాకూ చేస్తాది" అనింది. ఇంకొకామె, "ఈ మాట నన్నూ అన్నాడు" అనింది. క్యూ కూర్చునింది.

మేనేజరు నరేంద్ర గ్లాసు తలుపు తీసుకోని బయటికొచ్చినాడు. "ఏందిది? లేయండి! ఇది ఆఫీసు!"

"ఒక ఇల్లాలు కంతు తప్పితే గ్రూపంతా ఆమె వాకిట్లో కూర్చోమని నేర్పింది మీరే కదా సార్" అనింది కృపామణి. "ఈ తూరి తప్పింది మీరు. అందుకే మీ వాకిట్లో కూర్చున్నాము."

"ఫోన్లు చేసేది ఏజెన్సీ. మాకు సంబంధం లేదు."

"డబ్బు ఎవరికి వస్తాది? ఏజెన్సీకా, మీకా?"

ఆయన పోలీసులకి ఫోన్ చేసినాడు. ఎస్సై వచ్చినాడు, లేయమన్నాడు, లేయలేదు. బట్ట చుట్టేయమన్నాడు. కృపామణిని, నన్ను జీపెక్కమన్నాడు. మిగతా పదిమంది, చంద్రగిరామె, ఆమె ఎనకాల ఇంకో ఇరవై మంది నడుచుకోని వచ్చినారు. స్టెల్లా కూడా వచ్చింది, యూనిఫారం తొడుక్కోనే.

స్టేషన్లో బట్టని బీరువాలో పెట్టబోయినారు. రంజాన్‌బీ అడ్డం నిలబడింది. "మా సొత్తు పట్టుకుంటే పంచనామా రాయల్ల కదా సార్. దీంట్లో ఏముండాదో రాసి, రసీదు ఇయ్యండి."

ఎస్సై విసుక్కున్నాడు. వాకిట్లో జనాన్ని చూసినాడు. "రాయవయ్యా" అన్నాడు రైటర్‌తో.

బట్ట బల్ల మీద పరిచినారు. రంజాన్‌బీ చదివింది, రైటర్ రాసినాడు. మంగళవారం, ఆరూ పది, నంబరు ఇది. ఐదు దినాల ముందర మా ఊరి స్టేషన్లో ఆధారమేదీ అన్నారు, ఈడ అదే కాకీ చేతులు ఒక్కో అక్షరం ఎక్కిస్తాండాయి. మొదటి తిట్టు కాడ పెన్ను ఆగింది.

"ఈ మాట ఎట్లమ్మా రాసేది? ఆడకూతుర్లు ఉండారు."

"నా చెవిలో ఏసినాడు సార్, నలభై ఏడు తూర్లు" అనింది కృపామణి. "మీ కాయితంలో ఒక తూరి ఏయండి."

రాసినాడు. ముప్పై ఒకటో గడి కాడికొచ్చేసరికి బయట లైట్లేసినారు. అప్పుడు మోగింది ఫోను. మేకు మీది ఫోనే, కృపామణి సంచిలో. అందరూ అటు చూసినారు. తీసి, స్పీకర్ పెట్టి, రైటర్ బల్ల మీద పెట్టింది.

"ఏమే, బిడ్డని పంపు, బాకీ చెల్లు చేస్తా..."

స్టెల్లా తలొంచుకోలేదు. నిలబడి వినింది. రైటర్ ఎస్సైని చూసినాడు. ఎస్సై ఫోన్ని చూస్తా ఉన్నాడు. చెవుల దాకా ఎర్రబడినాడు.

"టైము ఆరూ నలభై సార్" అనింది కృపామణి. "ఆరు దాటినాది. రాయండి. విన్నోళ్ల కాడ మీ పేరు కూడా రాయండి."

పంచనామా అయింది. మమ్మల్ని ఇడిచిపెట్టినారు. కేసు ఇంకా కట్టలేదు, పైనోళ్లని అడగాలంట. అడగనీ. మా షెడ్డు వాకిట్లో అంబుడ్స్‌మన్‌కి పోయే అర్జీ మీద వేలిముద్రలు పడతానే ఉండాయి. ఈ మాట చదివే కూలీలారా, కాలేజీ పిల్లలారా, మీకూ చెప్తుండా. ఫోను కట్టేయొద్దు, నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఎత్తండి, పేరడగండి, తేదీ టైము రాయండి, పక్కనోళ్లని సాక్షి పెట్టండి. ఒక్కరే వినొద్దు.

కంపెనీ వాళ్లారా, మీకు కూడా. ఏజెన్సీ మీద తోయొద్దు. మా బిడ్డకి పోయిన కొలువు మీ తప్పేనని ఆసుపత్రికి మీ సంతకంతో రాసియ్యండి. అప్పు తీసుకోనోళ్ల నంబరు ఒక్కటి కూడా మీ ఫారాల్లో ఉండగూడదు, కొట్టేయండి. పోలీసోళ్లారా, మీ చెవులతో విన్నారు, కేసు కట్టండి. సోమవారం పొద్దున తొమ్మిదికి స్టెల్లా డ్యూటీలో ఉండాల. లేకుంటే కూలీలారా, పిల్లలారా, తొమ్మిదీ ఐదుకి అందరూ బ్రాంచి వాకిట్లోకి రండి. మీ ఫోన్లు ఆన్ చేసుకోని రండి.