ఎనోక్ వద్దన్నాడు

గ్రీన్‌లాండ్ జనం ఐరోపా కూటమిలోంచి బయటికి వచ్చేస్తామని ఓటేసి ఏడాదిన్నర దాటింది. వచ్చేయడం ఖాయమే గాని, ఏ షరతుల మీద రావాలో తేలడం లేదు. కూటమి ఓడలు గ్రీన్‌లాండ్ నీళ్లలో ఎంత చేప పట్టుకోవచ్చు, అందుకు బదులుగా గ్రీన్‌లాండ్ రొయ్యల్ని సుంకం లేకుండా కొంటారా అన్న దగ్గరే బ్రస్సెల్స్‌లో మూడో విడత చర్చలూ నలుగుతున్నాయి.

రాజధాని నూక్‌లో బడిపంతులమ్మగా ఉన్న బిర్గితని దుబాసీ పనికి పట్టుకొచ్చారు. పామియుట్ జాలర్ల సంఘం పెద్ద ఎనోక్‌కి చర్చలు నడిచే డేనిష్ అంతంతమాత్రం. అక్కడ అన్నది ఆయన చెవిలో వేయాలి, ఆయన అన్నది డేనిష్‌లో పైకి చెప్పాలి. మొదటి రోజే ఆమెకి గట్టిగా చెప్పారు: నోటి మాట తప్ప మరేదీ చెప్పకూడదని.

మూడో రోజు పొద్దుటి నుంచీ వాన. కిటికీలు తెరుచుకోవు. ఎనోక్ కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోతున్నాడు.

"ఈ గదిలో గాలి ఎవరో వాడేసి వదిలేసినట్టుందే అమ్మాయ్," అన్నాడు.

"కాసేపు ఓర్చుకోండి బాబాయ్," అంది గాని ఆమెకీ కాలు ఆగడం లేదు. రెండు రోజులు ఆయన భుజం వెనక కూర్చుని మెడ పట్టేసింది. ఇవాళ కుర్చీని ఆయన పక్కకి లాక్కుంది.

చర్చల అధ్యక్షుడు విట్‌కాంప్ ఆరో అంశం చదివాడు. చేప పెరిగినా తరిగినా ఐదేళ్లపాటు కూటమి ఓడలకి ఏటా ఇన్ని టన్నుల కాడ్ చేప. "అభ్యంతరం ఉందా?"

బిర్గిత ఆ మాట చెవిలో వేసింది. ఎనోక్ ముక్కు చిట్లించాడు. వాళ్ల దేశంలో అది వద్దనడం. అరిచి చెప్పినంత స్పష్టం. విట్‌కాంప్ తల కాగితంలోంచి లేవలేదు. గ్రీన్‌లాండ్ బృందం నాయకుడు అబ్రహాం సంచీలో ఏదో వెతుక్కుంటున్నాడు.

"లేదు. ఏడో అంశం," అన్నాడు విట్‌కాంప్.

ఎనోక్ నోరు విప్పుతాడేమోనని చూసిందామె. విప్పలేదు. చెప్పాల్సింది చెప్పేశానన్నట్టు తాపీగా కాగితం తిప్పాడు. అవతల మరో రెండు వాక్యాలు చదివేశారు. బిర్గిత ఉన్నపళంగా లేచి నిలబడింది.

"ఆగండి. ఆయన వద్దన్నారు."

విట్‌కాంప్ కళ్లజోడు తీశాడు. "నాకేం వినపడలేదే!"

"నోటితో అనలేదండీ. ముక్కు చిట్లించారు. మా దగ్గర వద్దనడమంటే అదే."

"అయితే ఆ ముక్కుని కూడా ఒప్పందంలో రాసుకుందామా?" అని ఎవరో అన్నారు. బల్ల చుట్టూ నవ్వులు.

ఆమె ఎనోక్ వైపు తిరిగింది. "బాబాయ్, నోరు తెరిచి చెప్పండి. వీళ్లకి మొహం చూడ్డం రాదు."

"చెప్పాను కదే! నిన్న నాలుగో దానికీ చెప్పాను. నువ్వు వాళ్లకి చెప్పలేదా?"

నాలుగో అంశం పామియుట్ ఎదుట సముద్రంలో చేపలు చేరే మెట్టది. అక్కడ కూటమి ఓడలు వల ఈడ్చుకోవచ్చని నిన్ననే ఖాయం చేసేశారు. ఆయన వద్దంటున్నప్పుడు ఆమె ఆయన వీపు చూస్తూ కూర్చుంది.

అబ్రహాం మొహం మాడ్చుకుంటూనే రెండూ తిరగదోడమని అడిగాడు. నాలుగో దానికి విట్‌కాంప్ ససేమిరా అన్నాడు. సంతకాలు అయిపోయాయట. ఆరోది మాత్రం తెరిచారు. రెండు గంటలు ఎనోక్ నోటితోనే మాట్లాడాడు.

"మీ ఐదేళ్ల లెక్క చేపకి తెలీదు బాబూ. మా నాన్న కుర్రతనంలో కాడ్ లేదు. తర్వాత వచ్చింది. నేను మూడు పడవలు కొన్నాక మళ్లీ పోయింది. అది తగ్గినప్పుడు ముందు మా పడవలకి, మిగిలితే మీకు."

చివరికి అలాగే రాసుకున్నారు.

బయట నడవాలో అబ్రహాం ఆమెని ఆపాడు. "వచ్చే విడతకి వేరేవాళ్లని తెచ్చుకుంటాం బిర్గితా. ఏమీ అనుకోకు."

అనుకుంది. మర్నాడు విమానంలో ఎనోక్ పక్కన కూర్చుని, "మీ ఊరొచ్చి నేనే చెప్తాను బాబాయ్. మెట్ట పోయింది నా మూలంగా," అంది.

"తిడతారే."

"తిట్టనీండి."

పామియుట్ సంఘం గది కిక్కిరిసింది. ఆమె జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఎవరూ అరవలేదు. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా తోచింది. వెనకనుంచి ఒకావిడ మాత్రం అడిగింది:

"మా మనిషి మొహం చూడకుండా రెండు రోజులు ఎలా కూర్చున్నావమ్మా?"

"నాకూ అర్థం కావట్లేదక్కా," అంది బిర్గిత.

ఒకతను లేచి, కూటమి పెద్ద ఓడలు దిగేలోగా మెట్ట మీదికి ఎన్ని పడవలు పంపగలమో తేల్చుకోమన్నాడు. ఒక్కసారిగా పది గొంతులు లేచాయి. నీ ఇంజను మూలుగుతోందని ఒకరు, నీ వలకి చిల్లులని మరొకరు. ఎనోక్ ఒక కాగితం ఆమె ముందుకి తోశాడు. ఆమె నూక్‌కి వెళ్లాల్సిన ఓడ మర్నాటికి గాని లేదు. ఆమె కలం తీసి, ఎవరు ముందు అరిస్తే వాళ్ల పేరు రాసుకుంటూ పోయింది.