ఇరవై ఆరు డిగ్రీలు

మధ్యాహ్నం పన్నెండున్నరకి థర్మామీటరు ముప్పై మూడు దగ్గర మొండికేసి కూర్చుంది. ట్రైలరు కప్పు మీద కొత్త ఏసీ మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినపడేలా మోగుతోంది. చప్పుడుని బట్టి చల్లదనం వచ్చేటట్టయితే ఈపాటికి లోపల మంచు కురవాలి అనుకున్నాడు పెద్దాయన.

"వస్తోంది బావా, వస్తోంది. రేకు కాగిపోయి ఉంది కదా, తాపీగా దిగుతుంది," అన్నాడు బావమరిది, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి.

"గంటనుంచీ వస్తూనే ఉంది. దారి తప్పిందేమో, ఎదురెళ్ళి తీసుకురా."

అది రోడ్డు లేని చోటికి కూడా కారు వెనక కట్టుకుని లాక్కుపోయే ట్రైలరు. ఎత్తైన చక్రాలు, గుంతలకి బెదరని స్ప్రింగులు, లోపల రెండు పడకలు, ఓ పొయ్యి, పళ్ళెమంత కిటికీ. భార్య బతికున్న రోజుల్లో ఆవిడా ఆయనా దాంట్లో చాలా మట్టిదారులు తిరిగారు. ఆవిడ పోయాక అది నాలుగేళ్ళు షెడ్డులో దుమ్ము తిన్నది. ఇప్పుడు బయటికి లాగింది మనవరాలి కోసం.

మనవరాలికి ఆరేళ్ళు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పుట్టుకతోనే దానికి చెమట పట్టదు. అందరికీ ఒళ్ళు వేడెక్కితే చెమట పట్టి చల్లబడుతుంది. దానికి లోపలి వేడి లోపలే ఉండిపోయి, పావుగంట ఎండ తగిలితే జ్వరం వచ్చేస్తుంది. అందుకని అది ఇల్లు దాటి ఒక్క రాత్రి కూడా పడుకుని ఎరగదు. చెరువు గట్టున, తాతయ్య బండిలో, మూడు రాత్రులు పడుకుంటానని నెల రోజులుగా బొమ్మలు వేస్తోంది. ప్రతి బొమ్మలోనూ బండి కప్పు మీద ఓ డబ్బా. డబ్బాలోంచి నీలిరంగు గాలి.

దాని తల్లి, అంటే పెద్దాయన కూతురు, మందుల షాపులో పనిచేస్తుంది. ఫ్రిజ్జులో మందుల వేడి ఎంతుందో పూటకోసారి రాసిపెట్టడం అక్కడి పని. ఆ అలవాటుతోనే షరతు పెట్టింది. "మిట్టమధ్యాహ్నం, రెండు గంటలు, ఇరవై ఆరు దాటకూడదు నాన్నా. దాటిందా, పిల్ల కదలదు. నన్ను బతిమాలొద్దు." సెలవులకి ఇదే ఆఖరి వారం. రేపు పొద్దున్నే బయల్దేరాలి.

ఇప్పుడు ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, పది నిమిషాలకోసారి వచ్చి అంకె రాసుకుని ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోతోంది. తిట్టినా బాగుండేదనిపించింది పెద్దాయనకి.

"బండి ఒక పక్కకి ఒరిగింది బావా. అందుకే," అన్నాడు బావమరిది. ఆయన ముప్పై ఏళ్ళు లిఫ్టులు బిగించిన మనిషి. లోకంలో ఏ రోగానికైనా మట్టం సరిలేకపోవడమే కారణమని ఆయన నమ్మకం.

జాకీ పెట్టి ఎత్తారు. ముప్పై మూడు.

"కప్పు మీద ఎండ దెబ్బ." గోనె సంచులు తడిపి కప్పంతా పరిచారు. ముప్పై మూడున్నర.

"అదేంట్రా, పెరిగింది?"

"మనిద్దరం లోపల ఊపిరి పీలుస్తున్నాం కదా. నువ్వు మరీ గట్టిగా పీలుస్తున్నావు."

పెద్దాయన బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. రెండు రోజులుగా ఇదే వరస. పాత గాలిపంకా ఉన్న కన్నంలోనే ఏసీ దిగుతుందని ఏసీతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటే, బావమరిది మూడుసార్లు కొలిచి మూడు కొలతలు చెప్పాడు. నాలుగు బోల్టులు చాలని రాసి ఉంటే, గుంతల్లో ఊడుతుందని ఇంకో రెండు పట్టీలు కొట్టాడు. పుస్తకం చదవమంటే, "కాగితం చదివేవాడు చదువుతూనే ఉంటాడు, పనయ్యేది ఎప్పుడు?" అన్నాడు. వీడి అక్క ఉంటే ఒక్క చూపుతో ఇద్దరి నోళ్ళూ మూయించేది. ఆవిడ పోయినప్పటినుంచీ ప్రతి ఆదివారం వచ్చి, బాగున్నవాటిని కూడా బాగుచేసి పోతున్నాడు ఈ మహానుభావుడు.

అయినా వస్తున్నాడు. అది కూడా అనుకోవాలి కదా అని మనసులోనే సర్దుకున్నాడు పెద్దాయన.

అప్పుడు గమనించాడు. కప్పు మీది మోత ఆగింది. నాలుగు నిమిషాలకి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. లోపలికెళ్ళి కప్పులోంచి గాలొచ్చే జాలీ దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. వేళ్ళు కొంకర్లు పోయేంత చలి. చెయ్యి మూరెడు కిందికి దించితే వేడి.

"ఒరేయ్, స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు."

"విప్పకు బావా! బిగించినదాన్ని విప్పితే మళ్ళీ అలా కుదరదు."

"అలా కుదరకూడదనే విప్పుతున్నా."

లోపలి పలక దించి, జేబులోంచి పుస్తకం తీసి, కళ్ళజోడు సర్దుకున్నాడు. ఏడో పేజీలో బొమ్మ ఉంది. పైనుంచి చల్లగాలి దిగే అర ఒకటి, గదిలో గాలి పైకి వెళ్ళే అర ఒకటి. రెంటి మధ్యా అడ్డుగా నల్లటి స్పాంజి ముక్క. పైకి చూస్తే రెండు అరలూ ఉన్నాయి. మధ్యలో అడ్డు లేదు. చల్లగాలి గదిలోకి దిగకుండానే పక్క అరలోంచి తిరిగి పైకి పోతోంది. పని అయిపోయిందనుకుని యంత్రం ఆగుతోంది.

రెండు రోజుల విసుగూ ఒక్కసారిగా నోటికొచ్చింది. "చదవమన్నానా? చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పానా? ఇంత స్పాంజి ముక్క! ఎక్కడ తగలేశావు? పిల్ల నెల్లాళ్ళుగా బొమ్మలు వేసుకుంటోందిరా!"

బావమరిది చూపు తలుపులోంచి, బండికి ఆనించిన నిచ్చెన కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. అక్కడ నేలమీద నల్లటి ముక్క పడి ఉంది. దాని మీద పక్కపక్కనే రెండు గుంటలు, మోకాళ్ళ అచ్చులు.

పెద్దాయనకి మొన్నటి పొద్దు కళ్ళ ముందుకొచ్చింది. కప్పు మీద రేకు కాలుతోంది. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని వీడు మూలిగాడు. అట్టపెట్టెలో చేతికి తగిలిన మెత్తటి ముక్క తీసి, "ఇదిగో, కింద వేసుకో" అని పైకి విసిరింది తనే.

"ఏమైంది?" కూతురు తలుపు దగ్గరికి వచ్చింది.

"నాదేనమ్మా తప్పు," అన్నాడు బావమరిది గబగబా. "ప్యాకింగు స్పాంజి అనుకున్నా. మీ నాన్న చదవమంటూనే ఉన్నాడు."

"నీకు చెప్పేవాళ్ళు లేక కాదు మావయ్యా, నువ్వు వింటేగా!"

పెద్దాయన ఊరుకుంటే సరిపోతుంది. కూతురు పిల్లని పంపేది తన జాగ్రత్త మీద భరోసాతో. ఆ భరోసా పోతే ఏసీ పనిచేసినా రేపటి ప్రయాణం లేదు. కానీ బండిలో పడుకోబోయేది ఆవిడ బిడ్డ.

"వాడు కాదమ్మా. నేనిచ్చాను. వాడి మోకాళ్ళ కిందకి. చూసుకోలేదు."

కూతురు ఒకసారి ఆయన్నీ, ఒకసారి మావయ్యనీ, ఒకసారి స్పాంజినీ చూసింది. తన పుస్తకంలో పేజీ తిప్పి, పైన టైము వేసింది. "మళ్ళీ మొదటినుంచీ. రెండు గంటలు."

స్పాంజి దులిపి ఇరికించారు. గుంటలు పడ్డచోట సందు రాకుండా టేపు అతికించారు. ఈసారి పుస్తకం బావమరిది చదివాడు, కూడబలుక్కుంటూ, ప్రతి వాక్యానికీ "ఇది నాకు తెలిసిందే" అని కలుపుతూ. పెద్దాయన పళ్ళు బిగించి పలక బిగించాడు.

ముప్పై. ఇరవై ఎనిమిది. రెండున్నరకి ఇరవై నాలుగున్నర. నాలుగున్నరకి కూడా అక్కడే ఉంది.

కూతురు చివరి అంకె రాసి పుస్తకం మూసింది. "ఇద్దరూ వెళ్ళాలి. ఒక్కరితో పంపను. ఒకరు చదవరు, ఇంకొకరు చూసుకోరు. ఇద్దరూ కలిస్తే ఒక మనిషవుతారు."

"మూడు రాత్రులా? వీడితోనా?" అన్నాడు పెద్దాయన.

అప్పటికే పిచ్చుక మెట్లెక్కి లోపలికి దూరింది. పై పడక మీద వెల్లకిలా పడుకుని, జాలీ కింద అరచేతులు చాపింది.

"తాతయ్యా, నాకు చలేస్తోంది. దుప్పటి ఇవ్వు."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆరేళ్ళలో ఆ పిల్ల ఎవరినీ దుప్పటి అడగలేదు. ఆ ఇంట్లో దాని కొలతకి దుప్పటే లేదు.

"కప్పు మీది గోనెసంచి తేనా బావా?" అన్నాడు బావమరిది.

"తడిపింది నువ్వే కదరా!" అని కసురుకుంటూనే పెద్దాయన, కళ్ళు తుడుచుకోవడం ఎవరి కంటా పడకుండా, దుప్పటి కోసం ఇంట్లోకి పరిగెత్తాడు.