కుర్మాకి తోడు

బొబ్బిలి బస్టాండు ఎదుట టిఫిన్ హోటల్ నడుపుతున్న లక్ష్మణరావు, తన హోటల్లో ఏనాడూ ఇడ్లీ ముక్క నోట పెట్టి ఎరగడు. ఆయన తిండి ఇంటి నుంచి క్యారేజీలో వస్తుంది. మనిషి ఎలాంటివాడో చెప్పడానికి అదొక్కటి చాలు.

పారెయ్యడమన్నది ఆయన ఇంటా వంటా లేదు. రాత్రి మిగిలిన కుర్మాని పొద్దున్న కొత్త కుర్మాలో కలిపించేవాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు తోడు. "తోడు లేందే పెరుగు తోడుకుంటాదేట్రా? కుర్మా అయినా అంతే," అని వంటవాడు దాలయ్యకి పాఠం చెప్పేవాడు. ఆ లెక్కన గిన్నె అడుగున ఏ నెలనాటి బఠాణీ ఉందో దేవుడికే తెలియాలి.

ఆవేళ తనిఖీ ఉందని తెలిసినవాడెవడో ముందే ఫోన్ చేశాడు. ఇక చూడాలి సంబరం. గోడలు కడిగించాడు, నేలకి ఫినాయిలు కొట్టించాడు, నల్లగా మరిగిన నూనె మూకుడిని పక్కింటి దొడ్లో దాచాడు. దాలయ్య తలకి టోపీ, చేతులకి గ్లౌజులు వచ్చాయి. ఆ గ్లౌజులతోనే వాడు వీపు గోక్కుని మళ్ళీ పిండిలో చెయ్యి పెట్టాడు. కుర్మాని పారబొయ్యడానికి మాత్రం లక్ష్మణరావుకి ప్రాణం ఒప్పలేదు. కొత్త స్టీలు గిన్నెలోకి మార్పించి, పైన కొత్తిమీర చల్లించి, ఇంకేం ఫరవాలేదనుకున్నాడు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఇలాంటివాళ్ళని చూసే పుట్టి ఉంటుంది.

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనూరాధ వచ్చి ఫ్రిజ్ తీసింది, సింకు కిందికి వంగి చూసింది. కుర్మా గిన్నె మూత తీసి ముఖం చిట్లించింది.

"ఇదెప్పటిది?"

"ఇప్పుడే దించినాం మేడమ్. మా కిచెను దేవుడి గదిలాగుంటాది."

మసాలా ఘాటుకి ఆమెకి ఏదీ తేలలేదు. అనుమానం తీరకుండానే హాల్లోకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే గజపతినగరం నుంచి వియ్యంకుడు దిగాడు. ఆయనకి అక్కడ బట్టల కొట్టు. లక్ష్మణరావు కూతురు హర్షితని ఆయన కొడుక్కి చేసుకోవడానికి మొన్ననే తాంబూలాలు పుచ్చుకున్నారు. వస్తూనే బల్ల ముందు కూర్చుని, "బావగారూ, ఇంటి భోజనం ఎప్పుడూ ఉండేదే. ఈ పూట మీ హోటలు పూరీ తిని సూస్తాను," అన్నాడు. సర్వర్ శివాజీ వెంటనే పూరీ, కుర్మా తెచ్చి పెట్టాడు.

లక్ష్మణరావు గబగబా ఆ బల్ల దగ్గరికి వచ్చాడు. నిజం చెబితే హోటలుకి తాళం. ఊరుకుంటే, అసలే షుగరున్న మనిషి, రాత్రికి ఏదైనా అయితే కూతురి పెళ్ళి గంగలో కలుస్తుంది.

"ఇంటికి పదండి బావగారూ, మీ సెల్లెమ్మ ఎదురు సూస్తన్నాది."

"తిననివ్వండి," అంది అనూరాధ. "ఇప్పుడే దించారుగా. మీరూ కూర్చోండి."

పూరీ ముక్క కుర్మాలో మునిగి పైకి లేచింది. లక్ష్మణరావు వియ్యంకుడి మణికట్టు పట్టేసుకున్నాడు.

"తినకండి బావగారూ. అది నిన్నటిది. అంతకు ముందుది కూడా ఉన్నాది అందులో."

అనూరాధ పెన్ను మూత తీసింది. వియ్యంకుడు పక్క బల్ల వైపు చూశాడు. చేపల గంప పక్కన పెట్టుకుని ఒక ముసలమ్మ ఆఖరి పూరీ ముక్కతో ప్లేటు తుడుచుకుంటోంది.

"మరి ఆవిడికి పెట్టేసినారు కదా?"

"ఆళ్ళంటే బయటోళ్ళు బావగారూ," అన్నాడు లక్ష్మణరావు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

వియ్యంకుడు ముక్కని ప్లేట్లో వదిలేసి, ఏమీ తినని చెయ్యి కడుక్కుని వచ్చి సంచి తీసుకున్నాడు.

"తాంబూలాలకి ముందు మేవూ బయటోళ్ళమే లక్ష్మణరావు గారూ," అన్నాడు. అంతవరకూ బావగారూ అని తప్ప ఆయన్ని మరోలా పిలవలేదు.