జల్లెడలో రాలిపోయిన చుక్కలు

కుర్రకారు మెసేజీల్లో ఏం మాట్లాడుకుంటారో, ఎలా మాట్లాడుకుంటారో ఆరా తీయడం ఆమె ఉద్యోగం. ఇద్దరు స్నేహితులు ఒప్పుకుని తమ మాటలు ఇస్తే, వేరే గదిలో ఎవరో పేర్లూ ఫోన్ నంబర్లూ చెరిపేసి, జతకో అంకె తగిలించి ఈవిడ బల్ల మీదకు పంపుతారు. ఎవరెవరన్నది ఈవిడకు తెలియకూడదు, తెలుసుకోకూడదు. ఒక్కో మాట పక్కన ఒక్కో గుర్తు వేస్తుంది: ఇది హాస్యం, ఇది ఓదార్పు, ఇది అలక, ఇది మాట తప్పించడం. ఆ విద్యలో ఆరితేరిపోయింది. రెండు ముక్కలు చూపిస్తే చాలు, ఎవరి మూతి ఎటు తిరిగి ఉందో చెప్పేస్తుంది.

ఆమెకంటే ముందు ఆ మాటల మీద చెయ్యి వేసేవాడు ఇంకొకడున్నాడు. ఆఫీసులో అందరూ అతన్ని జల్లెడ అంటారు. అక్షరమంటూ లేని మెసేజీలన్నిటినీ ఏరి పారేసే ప్రోగ్రాం అతను రాసిందే. "రాళ్ళేరి గింజలిస్తున్నా మేడం, ఇక మీ ఇష్టం" అంటాడు. రాళ్ళేమిటో ఒకసారి చూద్దామని ఆవిడకూ ఎప్పుడూ తోచలేదు. పని తగ్గితే ఎవరికి చేదు?

వచ్చిన వాటన్నిటిలో ఆమెకు ముద్దొచ్చింది పదకొండో జత. ఇద్దరమ్మాయిలు. ఒకతె పళ్ళ డాక్టరు చదువుతోంది. రెండోది ఆ పిల్లను ఆటపట్టించని రోజు లేదు.

"ఇవాళ కూడా మంచం నన్ను వదలనంటోందే పళ్ళ డాక్టరూ. దానికి నేనంటే ప్రాణం."

"మరి నువ్వేమన్నావు?"

"అంత ప్రేమను ఎలా కాదంటాను? ఉండిపోయాను."

అది చదివి ఆమె పడీ పడీ నవ్వింది. పక్కన 'హాస్యం' అని గుర్తు వేసింది. అంతటితో ఊరుకోక జల్లెడను పిలిచి చదివి వినిపించింది.

"మా ఇంట్లోనూ ఉంది ఒకతె, బెల్లం కొట్టిన రాయిలా. ఈ పిల్ల చలాకీతనంలో పావు వంతు మా చెల్లికుంటే ఎంత బాగుండేదో!" అంది.

చెల్లి నగరం ఆ చివర ఒక గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఏదో ఆఫీసులో పని. మధ్యాహ్నం "అక్కా" అని మెసేజీ పెడుతుంది. ఈవిడ పని ముగించుకుని సాయంత్రం "చెప్పవే" అంటుంది. "ఏం లేదులే" అని వస్తుంది. అయిపోయింది, అక్కడితో అక్కాచెల్లెళ్ళ ముచ్చట. ఏం లేదన్నప్పుడు ఏదో ఉంటుందని తన వ్యాసాల్లో ఎన్నిసార్లు రాసిందో ఆవిడకే లెక్క తెలియదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని ఊరికే అన్నారా!

మాటలిచ్చినవాళ్ళను చివర్లో, పేరు మాత్రం అడక్కుండా, జత అంకెతోనే పిలిపించి, ముద్రించిన కాగితాలు వాళ్ళ ముందు పెట్టి, గుర్తులు సరిగ్గా పడ్డాయో లేదో అడగడం అక్కడి పద్ధతి. పదకొండో జతలో పళ్ళ డాక్టరు వంతు వచ్చింది. వచ్చినప్పటినుంచీ ఆ పిల్ల కుదురుగా కూర్చోలేదు. ఒక కన్ను కాగితం మీదుంటే ఇంకో కన్ను ఫోన్ మీద. రెండు పేజీలు తిరగేసి ఆగింది.

"చుక్కలేవి మేడం?"

"ఏం చుక్కలమ్మా?"

"మా చుక్కలు. అవే కదండీ అసలైనవి. నోరు విప్పలేని రోజున తను ఒక్క చుక్క పెడుతుంది. ఉన్నాను, మాట్లాడలేను అని దానర్థం. నేనూ ఒక చుక్క పెడతాను. ఎందుకని అడగకూడదు. అదీ మా ఒప్పందం."

జల్లెడ మొహం ఎర్రబడింది. "అక్షరాలు లేవు కదండీ, ప్రోగ్రాం తీసేసింది" అని గొణుగుతూ వెళ్ళి, జల్లించక ముందున్న కాగితాలు తెచ్చాడు. ఆమె వాటిని ఒక్కొక్కటే తిరగేసింది. పేజీల నిండా చుక్కలే. మంచం జోకు కిందా చుక్కలే, ఇక్కడొకటి, అక్కడొకటి. తనను పడీ పడీ నవ్వించిన పిల్ల ఆ రోజంతా మంచం దిగలేదు.

"ఉద్యోగం పోయింది మేడం తనకి. పొద్దున లేవాలంటేనే భయం అంటుంది. ఇంట్లో చెప్పలేదు. ఈ చుక్క ముందు వాళ్ళ అక్కకే పెట్టిందట. 'ఏంటిది, చెయ్యి తగిలిందా? పనిలో ఉన్నా' అందట ఆవిడ. ఇక ఎవరికి పెడుతుంది?"

ఆమె బల్ల కింద ఫోన్ తీసింది. చెల్లి మెసేజీలు వెనక్కి, ఇంకా వెనక్కి జరిపింది. ఉంది. ఒక చుక్క. దాని కింద తన మాటలు, ఆ పిల్ల చెప్పినట్టే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. దాని కింద చెల్లి పెట్టిన నవ్వు బొమ్మ.

"మరి ఈ మాటలు మాకెందుకిచ్చారమ్మా?" అని అడిగింది.

"నేను వద్దనే అన్నాను మేడం. తనే పట్టుబట్టింది. 'ఇద్దామే, అక్కడ ఒక్కొక్క మెసేజీ కూర్చుని చదువుతారు, నాకు తెలుసు. చదవనీ' అంది. ఎందుకో నాకూ చెప్పలేదు." ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చూసుకుంది. "నిన్నటినుంచి నా చుక్కకి జవాబు లేదు. ఇక్కణ్ణుంచి నేరుగా తన దగ్గరికే వెళ్దామనుకుంటున్నా."

"నేను..." అని ఆమె ఆగిపోయింది. తనకు తెలియకూడనిది తెలిసింది. చెప్పకూడనిది చెప్పబోయింది. తన నంబరు ఒక కాగితం ముక్క మీద రాసి ఆ పిల్ల చేతిలో పెట్టి, "ఏ కబురు తెలిసినా ముందు నాకు చెప్పు తల్లీ" అని, సంచీ కూడా తీసుకోకుండా బయటపడింది.

దారంతా ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎత్తడం లేదు. ట్యాక్సీ ఎర్రలైటు దగ్గర ఆగిన ప్రతిసారీ మళ్ళీ నొక్కింది. దేవుడా, ఒక్కసారి దాని గొంతు వినిపించు చాలు అనుకుంది.

చెల్లి గది మూడో అంతస్తులో, వసారా చివర. చెప్పులు బయటే ఉన్నాయి. తలుపు కొట్టింది. "నేనేనే, అక్కని" అంది. చప్పుడు లేదు. గట్టిగా బాదింది. పక్క గదివాళ్ళు తలుపు ఓరగా తీసి చూసి మూసుకున్నారు. ఇంటి యజమానిని పిలుద్దామని మెట్ల వైపు తిరిగేసరికి చేతిలో ఫోన్ మోగింది.

"మేడం, నేను పళ్ళ డాక్టర్ని. ఇప్పుడే తను చుక్క పెట్టిందండీ! బతికించింది. బయట వాళ్ళ అక్క వచ్చి తలుపు కొడుతోందట. తీయనా వద్దా అని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

ప్రాణం లేచొచ్చి ఆమె కళ్ళ నీళ్ళు ధారగా కారాయి. ఆ వెంటనే తెలిసొచ్చింది. తలుపుకు ఇవతల తానుంటే, అవతలినుంచి చెల్లి సలహా అడుగుతున్నది ఇంకెవరినో.

"ఏమీ చెప్పకమ్మా. తన ఇష్టం" అని ఫోన్ పెట్టేసింది.

తలుపుకు వీపు ఆనించి నేల మీద చతికిలబడింది. మాట ఎలా మొదలుపెట్టాలో లోకానికంతా పాఠాలు చెప్పే మనిషికి ఒక్క మాటా దొరకలేదు. చెల్లికి ఒక చుక్క పెట్టింది. చెల్లి చూసినట్టు తెరమీద గుర్తు పడింది. జవాబు రాలేదు.

వసారాలోకి ఎండ వచ్చింది, పోయింది. ఆమె లేవలేదు, ఇంకోసారి తలుపు కొట్టలేదు. చాలాసేపటికి లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. చెక్కకు అవతల, సరిగ్గా ఆమె వీపు వెనక, ఎవరో నెమ్మదిగా కూర్చున్నారు.

"చెయ్యి తగల్లేదు కదా?" అంది చెల్లి.

"లేదే" అంది అక్క.

గడియ ఇంకా తీయలేదు.