గడ్డకట్టిన పోగు

ఎనభై ఏడు ఈస్టరు నాడు మా బావ సుందర్ రావు మస్కట్ నుంచి మోసుకొచ్చిన మైక్రోవేవ్‌ను చూడటానికి హనుమకొండలోని మా చర్చి సంఘం సగం మా ఇంట్లోనే దిగింది. చూసిపోయేవాళ్ళకేం? వండి పెట్టాల్సింది నేను కదా!

శనివారం పొద్దున సంఘం వాళ్ళు మేకను కోసి పోగులు వేసుకున్నారు. మెత్తటి ముక్క, ఎముక, కొవ్వు, కార్జం అన్నీ కొంచెం కొంచెం కలిపి ఇంటికో కుప్ప, అదే పోగు. దేనికది విడిగా పెడదామని అన్నాను. బావ వింటేగా! అంతా ఒకే కవర్లో కుక్కి ఫ్రిజ్ పైఅరలో, మంచు కట్టే చోట పడేశాడు. ఆదివారం ఆరాధన ముగించుకుని ఇల్లు చేరేసరికి అది బండరాయి అయి కూర్చుంది.

"ఫికర్ చెయ్యకుండ్రి. పది నిమిషాల్ల కరుగుతది" అంటూ బావ ఆ గడ్డను అట్లాగే మిషన్‌లో పెట్టి, మీటను చివరిదాకా తిప్పాడు. గంట మోగగానే అందరూ చప్పట్లు కొట్టారు. తీసి చూస్తే అంచులు ఉడికి తెల్లబడ్డాయి, కార్జం పైన ముడుచుకుంది, నడుమ మాత్రం కత్తి దిగడం లేదు.

వారం కిందటే నా ఐదేళ్ళ బిడ్డ లిదియా వాంతులు, విరేచనాలతో దవాఖానాలో మూడు రోజులు సెలైన్ మీద ఉంది. ఏది పెట్టినా బాగా ఉడికించి పెట్టాలని, ఇంకోసారి వస్తే పిల్ల తట్టుకోలేదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఆ బిడ్డనే బావ దగ్గరికి పిలిచి, గడ్డ పైనుంచి ఊడదీసిన కార్జం ముక్కను ఉప్పులో అద్ది నోటి దాకా తీసుకెళ్ళాడు.

"తిను బిడ్డా, రక్తం పడుతది."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. తమ్ముడి పెళ్ళాం బావ చెయ్యి పట్టుకోవడమంటే మా ఇంట్లో మాటలా! మా అత్త ప్రమీలమ్మ "ఓ దేవుడా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది విమలా, గింత పొగరా?" అన్నాడు బావ.

"ముక్క ఇరిచి చూడుండ్రి బావా."

విరిచాడు. లోపల పచ్చి నెత్తురే.

"ముందు మీరు తినుండ్రి. తిని చూపియ్యిండ్రి."

ఆయన తినలేదు. ముక్కను పళ్ళెంలో పడేసి, "మిషన్ సంగతి నీకేమెరుక?" అన్నాడు.

"దాంతోని వచ్చిన పుస్తకం మీరు ఇప్పనన్న ఇప్పలే. నేను రెండుసార్లు చదివిన."

"ఊకో విమలా, అందరు చూస్తాండ్రు" అన్నాడు మా ఆయన జయరాజు. చూడనీ! చూడటానికే కదా వచ్చారు.

మీటను మంచు కరిగించే డీఫ్రాస్ట్ దగ్గరికి తగ్గించాను. రెండు మూడు నిమిషాలకోసారి ఆపి గడ్డను తిరగేశాను. ఊడొచ్చిన ముక్కను ఊడొచ్చినట్టే తీసి పొయ్యి మీది గిన్నెలో వేశాను. నడుమ నడుమ మిషన్ ఆపేసి ఊరకే ఉంచితే వేడి మెల్లగా లోపలికి పాకింది. అందరి కడుపుల్లో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. ఇంకెంతసేపమ్మా అని అడిగినవాళ్ళందరికీ "ఉడికినంక" అని ఒకటే జవాబు.

"సగం మళ్ళ ఫ్రిజ్‌ల పెట్టు, రేపటికైతది" అన్నాడు బావ.

"పెట్ట. కరిగిందంతా ఇయ్యాల్నే ఉడుకుతది."

మూడింటికి కూర దిగింది. మా ఇంట్లో మొదటి బంతి ఎప్పుడూ మగవాళ్ళదే. ప్రార్థన అయ్యాక లిదియాను తెచ్చి ఆ బంతిలో, సరిగ్గా బావ పక్కనే కూర్చోబెట్టి, దాని పళ్ళెంలో వడ్డించి గరిటె పక్కన పెట్టాను.

"మరి మాకు?" అన్నాడు బావ.

"బీమారి నుంచి లేచిన పిల్ల. అది తిన్నంక."

లిదియా మొదటి ముద్ద నమిలి మింగేదాకా ఆ బంతి మొత్తం చేతులు కడుక్కుని కూర్చుంది.