శివారు చేనికి నీళ్ళు

మూడో షట్టరు చక్రం సగం తిప్పి గంగయ్య ఆగాడు. ఊపిరి అందలేదు. నీరు పట్టిన పొట్ట చక్రానికీ అతనికీ మధ్య అడ్డం వస్తోంది. దూరంగా నిలబడి తిప్పితే బలం చాలదు, దగ్గరికి జరిగితే ఇనుము బొడ్డుకి గుచ్చుకుంటుంది. పక్కకి తిరిగి, భుజంతో నెట్టి మిగతా సగం పూర్తిచేశాడు. షట్టరు కింద నీరు బుసకొట్టి చేలకి పోయే బోదెలోకి దూకింది.

ఇరవై ఆరేళ్ళుగా అతను ఆ కాలవ మీద లస్కరు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూడటమే ఉద్యోగం. నీళ్ళు రాకపోతే తప్ప ఊళ్ళో ఎవరికీ అతను గుర్తుకు రాడు. ఆ ఏడు గోదావరిలో నీళ్ళు తగ్గి దాళ్వా పంటకి వంతులు పెట్టారు. ఆ రోజు గంగయ్య తూములన్నిటికీ వంతు, మళ్ళీ పదిహేను రోజులకే. అన్నిటికీ చివరిది శివారు తూము. దాని కింద రెండే చేలు. ముందు చిట్టెమ్మ కౌలుకి చేస్తున్న అరెకరం, దాని వెనక అచ్చిబాబు అయిదెకరాలు. వరి పొట్టమీదుంది, ఈ తడి తప్పితే గింజ పట్టదు.

గంగయ్య తక్కినవన్నీ ఎత్తాడు. శివారు తూము దగ్గరికి వెళ్ళి, చక్రానికున్న తాళం ఒకసారి లాగి చూసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని, గట్టు మీద తుమ్మచెట్టు నీడన కూర్చున్నాడు.

అచ్చిబాబు ఆ ఊరి ఆర్ఎంపీ డాక్టరు. గంగయ్య ఒంట్లో దిగిన సూదులన్నీ ఆయనవే. మొదట్లో గాజు సిరంజి. ఒకరికి పొడిచి, వేణ్ణీళ్ళలో ఒక్కసారి జాడించి, ఇంకొకరికి. తర్వాత ప్లాస్టిక్‌వి వచ్చాయి. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, పెద్ద యాంటీబయాటిక్కే. రెండు రోజులు వేసి, జ్వరం దిగగానే ఆపేసేవాడు.

పొట్ట ఉబ్బడం మొదలవగానే, లస్కరు తాగి లివరు పోగొట్టుకున్నాడని ఊరు తేల్చేసింది. అడిగినవాళ్ళకి అచ్చిబాబూ అదే చెప్పాడు. గంగయ్య జన్మలో సారా ముట్టలేదు. తాగి గట్టు మీద నడిస్తే కాలవలో పడి చస్తానని అతని భయం. చివరికి భార్య పాపాయి కూడా ఒకరోజు అన్నం వడ్డిస్తూ, నాతోనైనా నిజం చెప్పమంది. ఆ మాటకి అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

నిజం కాకినాడ ఆసుపత్రిలో తెలిసింది. పొట్టలోంచి తీసిన నీళ్ళకి పురుగు పట్టిందన్నారు. ఉమాశ్రీ అనే చిన్న డాక్టరమ్మ పరీక్ష కాగితం చూపించింది. వరసగా మందుల పేర్లు. ఒక్కటి తప్ప అన్నిటి పక్కనా ఒకే ఇంగ్లీషు అక్షరం. పనిచెయ్యదని దాని అర్థమట. లివరు చెడింది కామెర్ల వైరస్ వల్లనీ, అది శుభ్రంలేని సూదితో ఎక్కి ఉండొచ్చనీ, ఇన్నేళ్ళు అరకొరగా వేసిన మందులకి అలవాటుపడి ఈ పురుగు మొండికెత్తి ఉండొచ్చనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆమె ‘ఉండొచ్చు’ అన్న ప్రతిచోటా గంగయ్య ఆ మాట తీసేసి విన్నాడు.

మిగిలిన ఆ ఒక్క మందూ పది రోజులు ఎక్కించారు. గుణం కనిపించలేదు. అయినవాళ్ళ దగ్గర ఉండమని ఇంటికి పంపేశారు. మర్నాడే అతను ఖాకీ చొక్కా వేసుకున్నాడు. పాపాయి ఏడుస్తూ అడ్డం నిలబడితే, చెయ్యాల్సిన పని ఒకటుందని మాత్రం చెప్పాడు.

పదకొండింటికి అచ్చిబాబు మోపెడ్ మీద వచ్చాడు.

“ఏంటి గంగయ్యా, శివారు తూము ఎత్తలేదంట?”

“ఎత్తుతానండి. ముందు మీరు టీకొట్టు దగ్గర నిలబడి పదిమందిలో ఒక మాట చెప్పాలి. గంగయ్య తాగలేదు, నా సూదితో పోతున్నాడు అని.”

జబ్బుమనిషికి ఇంత కోపం పనికిరాదన్నాడు అచ్చిబాబు. నుదుటి మీద చెయ్యివేసి చూసి, జ్వరంగా ఉందంటూ సంచిలోంచి ఇంజక్షన్ సీసా తీశాడు. గంగయ్యకి నవ్వొచ్చింది.

“నాలో ఉన్నవాటికి అది పాలబువ్వండి. మీరు పెట్టి పెంచినవే కదా.”

పై ఆఫీసులో చెబుతానని అచ్చిబాబు వెళ్ళిపోయాడు. పైవాళ్ళు ధవళేశ్వరం నుంచి రావాలి. వచ్చేసరికి వంతు దాటిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం చిట్టెమ్మ పార భుజాన వేసుకుని వచ్చింది. పొద్దుట్నుంచీ గంగయ్య భయపడుతున్నది ఆమె రాకకే.

“ఆయన మీద నీకేదో ఉంటే ఉండనీ అన్నయ్యా. నా అరెకరం నిన్నేం చేసింది?”

అతను మొత్తం చెప్పాడు, సిరంజి దగ్గర్నుంచి కాగితం దాకా. చిట్టెమ్మ కింద కూర్చుని విన్నది. గంగయ్య తాగుతాడని టీకొట్టు దగ్గర తనూ అన్నానని, మొహం చూడకుండా ఒప్పుకుంది.

“తెలుసు” అన్నాడు గంగయ్య. “తూము ఎత్తుతాను. నీ చేను దాటాక బోదెకి అడ్డకట్ట వెయ్యి. ఒక్క చుక్క వెనక చేలోకి పోకూడదు.”

“రేపు ఆయన నన్నడిగితే?”

“లస్కరు వెయ్యమన్నాడని చెప్పు.”

ఆమె పార పట్టుకుని లేచింది. ఇద్దరూ కలిసి చక్రం తిప్పారు.

మూడింటికి అతను బోదె వెంట మెల్లగా నడిచి వెళ్ళి చూశాడు. మట్టిపెళ్ళలూ గడ్డీ తొక్కి కట్ట గట్టిగా వేసింది చిట్టెమ్మ. ఇవతల ఆమె చేలో నీళ్ళు మెరుస్తున్నాయి. అవతల నేల నెర్రెలిచ్చి, అచ్చిబాబు వరి ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. ఆ ఎండిన చేను ముందు చాలాసేపు నిలబడ్డాడు. జాలి కలుగుతుందేమోనని చూశాడు. కలగలేదు. తిరిగొచ్చి తూము దించేశాడు.

పొద్దు వాలుతుండగా వణుకు మొదలైంది. పాపాయి గంజి తెచ్చేసరికి గట్టు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తాగానో లేదో చిట్టెమ్మని అడగమన్నాడు.

“నేనెవర్నీ అడగను. తాగలేదు” అంది పాపాయి, పక్కన కూర్చుంటూ.

అతను ఆమె భుజానికి తల ఆనించాడు. గంజి చల్లారేదాకా కదపకూడదనుకుంది. కదిపేసరికి అతనిలో ప్రాణం లేదు.

అచ్చిబాబు అయిదెకరాల వరీ తాలు పోయింది. గంగయ్య తాగలేదనీ, సూదితో పోయాడనీ టీకొట్టు దగ్గర చిట్టెమ్మ అందరికీ వినపడేలా చెప్పింది. కొందరు నమ్మారు, ఇంకొందరు మర్నాడు కూడా అచ్చిబాబు అరుగు మీద సూదికోసం కూర్చున్నారు. కొత్త లస్కరు వచ్చినా, గట్టు మెట్టు మీదున్న గంగయ్య చెప్పుల్ని మాత్రం పాపాయి ఎవర్నీ తియ్యనివ్వలేదు. వాచిన పాదాలు పట్టక పక్కలు కత్తితో చీల్చుకున్న ఆ జత, కాలవ వైపు తిరిగి ఉంది.